పావుగంట ముందున్న గోడ గడియారం

శనివారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు నా ఛాతీ మీద గుండె లయను నమోదు చేసే పట్టీ అంటించారు. ఊపిరితిత్తిలోని క్యాన్సర్ గడ్డ తీసి, నన్ను మా ఊరు ఎంకపల్లికి పంపిన రోజది. ఇవాళ కత్తిపీటకు తెగిన వేలికి స్పిరిట్ రాసుకుంటుంటే ఆ వాసనకు అనసూయ సిస్టర్ గుర్తొచ్చింది.

అనసూయది చేవెళ్ల. దవాఖాన తరఫున ఇళ్లకు తిరిగి రోగులను చూసేది. పట్టీ పంపే గుండె లయ ఫోన్ ద్వారా నగరంలోని డాక్టరుకు చేరేది. దడ పుట్టినా, కళ్లు తిరిగినా ఆ వేళను పుస్తకంలో రాయడం నా పని. ముప్పై రెండేళ్లు పాలకేంద్రంలో కొలతలు రాసినదాన్ని, నిమిషం కూడా వదల్లేదు. "మిషన్ కన్న నువ్వే నయమవ్వా" అని అనసూయ నవ్వేది.

పద్నాలుగో రోజు డాక్టరు ఫోన్ చేశారు. లయ అప్పుడప్పుడు తప్పుతోందట, కానీ అనసూయ పంపిన నా పుస్తకంలోని వేళల్లో సరిగ్గానే ఉందట. నాది నీరసమే కావచ్చు, పట్టీ తీసేయమన్నారు. లయ తప్పడం వల్లే కళ్లు తిరుగుతుంటే మాత్రం మందు పడాలి. మందు పడకుంటే గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరవచ్చు.

పట్టీ తీయడానికి వచ్చిన అనసూయ, స్పిరిట్ దూది పట్టుకుని గోడవైపు చూస్తూ ఆగిపోయింది.

"అవ్వా, టైము ఏ గడియారంల చూసి రాస్తున్నవ్?"

"గా గోడ మీది దాంట్లనే. నా పుస్తకంల తప్పుండది."

"పుస్తకంల లేదు. తప్పు గోడ మీదున్నది. పావుగంట ముందున్నది."

"బస్సు తప్పుతదని మా ఆయన అట్ల పెట్టిండు."

"చెయ్యెత్తితే ఆగనీకి గుండేమన్న బస్సా అవ్వా?"

ఊరికి బయలుదేరేటప్పుడు పావుగంట తీసి చూసుకోవడం మా ఇంటిల్లిపాదికీ అలవాటు. రాసేటప్పుడు నేనే తీయలేదు. తల కొట్టేసినట్టయింది.

ఆమె ఇంకా నాలుగిళ్లకు పోవాలి. అయినా దూది పక్కన పెట్టి కూర్చుంది. నేను చదువుతుంటే ఒక్కో వేళలో పావుగంట తీసి డాక్టరుకు పంపింది. తొమ్మిదికి తొమ్మిదీ లయ తప్పిన వేళలతో కలిశాయి. ఆ సాయంత్రమే మందు మొదలైంది.

"ఎవరికీ చెప్పకు బిడ్డా" అన్నాను.

"ఇంటింటికీ చెప్త. నీ పేరు చెప్పను తీ" అంది.

కిందటి వానాకాలంలో డెంగీ జ్వరంతో అనసూయ చనిపోయింది. ఇప్పుడు మా చుట్టుపక్కల ఎవరు పట్టీతో ఇంటికి వచ్చినా నేను వెళ్తాను. ముందు వాళ్ల గడియారం సరిచూస్తాను. తర్వాత నా తప్పు చెబుతాను, నా పేరుతో సహా.

పోయినవి: కుడి ఊపిరితిత్తి పైభాగం. ఏడు కిలోల బరువు. ఆగకుండా గట్టు ఎక్కే ఊపిరి. అనసూయ.