తగ్గించి రాసిన ఏడాది

ఆ రోజుల్లో ప్రపంచం మెట్ల కింద ఉండేది. సూర్యాపేటలో మా ఇంటర్ కాలేజీకి ఎదురుగా ఒక బట్టల దుకాణం ఉండేది. దాని మెట్ల కింద, తల వంచుకుని దూరాల్సిన ఇరుకు గదిలో, నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని ఒకాయన నెట్ సెంటర్ నడిపేవాడు. ఆయన అసలు పేరేమిటో మాలో ఎవరికీ తెలియదు, అందరికీ నెట్ అన్నే. హాల్ టికెట్లు, ఫలితాలు, అప్లికేషన్లు అన్నీ ఆయన చేతుల మీదుగానే నడిచేవి. ఇప్పుడు అరచేతిలోనే లోకమంతా తిప్పేస్తున్నాం కానీ, ఆ గదిలో ఫ్యాను కిర్రుమంటుండగా తెర మీద ఒక బొమ్మ పైనుంచి కిందికి మెల్లమెల్లగా దిగుతుంటే కలిగిన ఆశ్చర్యం నాకు మళ్లీ దేన్ని చూసినా కలగలేదు.

ఇంటర్ పరీక్షలు అయిపోయిన వారంలో అలా దిగిన బొమ్మే నా కొంప ముంచింది. మొదట మంచు కొండలు దిగాయి, తర్వాత ఆకాశమంత పొడుగున ఆపిల్ తోట, ఆఖరుకు నిచ్చెన మీద నిలబడి నవ్వుతున్న ఒక పిల్ల. (దేశం పేరు చెప్పను. పాపం, ఆ దేశానికి నా సంగతేమీ తెలియదు.) ఇంటర్ అయినవాళ్లు ఒక ఏడాది చదువు ఆపి, మా తోటల్లో పని చేస్తూ మా దేశం చూసి పొండి అని కింద రాసుంది. నేను నోరు తెరిచింది కొండలను చూసి కాదు, చదువు ఆపడం అన్న మాట చూసి. మా వైపు చదువు ఆపడమంటే ఆగిపోవడమే. పొలానికో, పెళ్లికో, ఏదో ఒకదానికి ఆగిపోవడం. సినిమాకు విరామం ఇచ్చినట్టు చదువుకు ఒక ఏడాది విరామం ఇచ్చి, లోకం చూసొచ్చి, మళ్లీ అదే కుర్చీలో కూర్చోవచ్చని చెప్పినవాళ్లు లేరు. విమానం టికెట్టు కూడా వాళ్లే పెడతారని రాసుంది. (ఇప్పుడైతే మొదట మోసమేమోనని అనుమానపడేదాన్ని. అప్పటికి అనుమానపడటం నేర్చుకోలేదు.)

అప్పటికి మేము మిర్యాలగూడలో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. నాయిన రైస్ మిల్లులో బస్తాలు మోసేవాడు, అమ్మ నాట్లకూ కోతలకూ పోయేది. నేను అన్నాల వేళ చూసి విషయం బయటపెట్టాను.

"పండ్లు తెంపనీకి గంత దూరమెందుకే? మాడుగులపల్లిల మీ మేనత్తోళ్ల ఊరు నిండ బత్తాయి తోటలే గద" అంది అమ్మ.

"గాడ ఉండనీకి రూమిస్తరు, తిండి వెడ్తరు. చెట్టెక్కనీకి నిచ్చెన గూడ వాళ్లే ఇస్తరంటనే."

"నిచ్చెన గూడ వాళ్లే ఇస్తరా!" అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కోతలకు పోతే కొడవలి తనదే, కల్లంకాడికి పోతే చేట తనదే, అలా బతుకంతా పనిముట్లు తానే మోసుకుపోయిన మనిషి. విమానం, మంచు కొండలు ఆమెను కదిలించలేకపోయాయి కానీ, ఆ నిచ్చెనతో ఆ దేశం మీద ఆమెకు గౌరవం పుట్టింది.

నాయిన తిని చెయ్యి కడుక్కుని వచ్చాక అడిగాడు. "ఏడాదేనా?"

"ఏడాదే నాయినా."

"మల్ల వచ్చి సదువుతవా?"

"సదువుత."

"అయితె పోయిరా బిడ్డా. నేను మోసిన బియ్యం గూడ ఓడెక్కి ఎటెటో పోతయంట. మనింట్లకెల్లి మనిషి పోతె తప్పేమున్నది" అన్నాడు. నేను ఏడ్చి, అలిగి, రెండు పూటలు అన్నం మానేసి సాధించాలని వేసుకున్న పథకమంతా వృథా అయిపోయింది. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నాకు కొంచెం చిన్నతనంగా కూడా అనిపించింది.

కాయలు తెంపిన అనుభవం ఉండాలని నెట్ అన్న తీసిచ్చిన అప్లికేషన్ కాగితాల్లో ఉంది. నేను నాట్లేసే తల్లి కూతుర్నే అయినా, హాస్టల్లో పెరిగి మడిలో కాలు పెట్టిన పాపాన పోలేదు. అందుకని నాలుగు రోజులు మాడుగులపల్లి పోయి మేనత్త వెంట బత్తాయి తోటలో దిగాను. బత్తాయి చెట్టుకు ముళ్లుంటాయని నాకు తెలిసింది అప్పుడే. కాయను కాస్త మెలితిప్పి లాగాలి, లేకపోతే తొడిమ దగ్గర తోలు ఊడొస్తుంది. మేనత్త అటు చూసి మాట్లాడుతూ, ఇటు రెండు చేతులతో తెంపుతూ, చెట్టు చుట్టూ ఒక్కసారి తిరిగొచ్చేసరికి గంప నిండేది. ఆ చేతులకు కళ్లున్నాయేమోనని చూస్తూ నిలబడిపోయేదాన్ని. నా గంప అడుగు మాత్రం మధ్యాహ్నానికి కూడా కనిపిస్తూనే ఉంది.

"గా దేశపోళ్లు నిన్ను సూస్తె ఇచ్చిన నిచ్చెన గుంజుకుంటరే పిల్లా" అంది మేనత్త, నా మోచేతి గీరలకు పసుపు అద్దుతూ. తోటను గుత్తకు పట్టినాయన మాత్రం మంచివాడు. 'ఈ అమ్మాయి కాయలు తెంపగలదు, మెల్లగా' అని తెల్లకాగితం మీద రాసి సంతకం పెట్టాడు. (ఆ 'మెల్లగా'ను ఇంగ్లిషులోకి మార్చేటప్పుడు నెట్ అన్న దయతలచి 'జాగ్రత్తగా' చేశాడు.)

అన్నీ పట్టుకుని మెట్ల కిందికి పోయి కూర్చున్నాను. నెట్ అన్న ఒక్కొక్క గడీ నింపుకుంటూ వచ్చి, పదో తరగతి మెమో చూసి పుట్టిన తేదీ కొట్టాడు. తెర మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి.

"నీకు పద్దెనిమిది నిండలే చెల్లె."

"నిండినయి అన్నా. కావాల్నంటె మా అమ్మనడుగు."

"కంప్యూటర్ మీ అమ్మనడగదు చెల్లె, మెమోనడుగుతది."

మా అమ్మ లెక్క తప్పే లెక్క కాదు. చిన్నమేనమామ పెళ్లయిన మూడు నెలలకు, నాట్లు పడుతుండగా పుట్టాను. ఆ లెక్కన పద్దెనిమిది దాటి ఎన్నో నెలలయింది. మెమో లెక్కన ఇంకా పదిహేడే. గడువు ఇక వారమే ఉంది, అది తప్పితే మళ్లీ వచ్చే ఏడాదే. నాయిన ఇచ్చింది ఈ ఒక్క ఏడాది. మెమో తేదీ నేనెప్పుడూ పట్టించుకోలేదు, ఎందుకంటే అది నా ఒక్కదానిది కాదు. పెన్‌పహాడ్ పక్కన మా ఊరి బడిలో పుట్టినరోజులు రాసింది మా పెద్దసారు. పిల్ల చెయ్యి తల మీదుగా పోయి అవతలి చెవిని అందుకుంటే బడికి ఈడొచ్చినట్టు, తేదీ మాత్రం జూన్‌లో సారుకు తోచింది. అందుకే మా తరగతి మొత్తం ఒకే రోజు పుట్టాం.

రాసినాయనే దిద్దాలి కదా! పెద్దసారు రిటైరై కోదాడలో ఉన్నాడని తెలిసి, మేనత్త పంపిన బత్తాయిల సంచీ పట్టుకుని నాయిన, నేను బస్సెక్కాం. దారి పొడుగునా నేను సారుకు ఏం చెప్పాలో వల్లెవేస్తూనే ఉన్నాను. నాయిన మాత్రం మిర్యాలగూడలో మూసిన నోరు కోదాడ దాకా తెరవలేదు. ఎండకు నీరసించాడనుకున్నాను.

పెద్దసారు అరుగు మీద పడక కుర్చీలో ఉన్నాడు. నన్ను చూడగానే నవ్వాడు. "ఏమ్మా, ఎంత ఎదిగిపోయావు! చెయ్యి ఇప్పుడూ చెవికి అందుతుందా?"

నేను గౌరవంగా అందించి చూపించి, మెమో ముందు పెట్టి, నా గోడంతా వెళ్లబోసుకున్నాను. సారు అంతా విని కళ్లజోడు తీశాడు.

"అచ్చయిపోయాక బ్రహ్మదేవుడు కూడా దిద్దలేడమ్మా. అయినా ఇందులో నా పొరపాటు లేదు. నీ చెయ్యి చెవికి బాగా అందింది, ఆరేళ్లని రాయబోయాను. ఇదుగో, ఈయనే నా కలం పట్టుకున్నాడు. పొలం నుంచి మోకాళ్ల దాకా బురదతో అలాగే వచ్చాడు. ఒక ఏడాది తగ్గించి రాయండి సారూ, రేపు నా బిడ్డకు సర్కారు నౌకరి అయితే రిటైరు కావడానికి ఇంకో ఏడాది ఉంటది అన్నాడు. నీకు చెప్పలేదా?"

నేను నాయిన వైపు తిరిగాను. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"అప్పుడు నాకేమెరుక సార్" అన్నాడు చివరికి. "బిడ్డ గా ఏడాది ముందుగాల్నే అడుగుతదని. ఎనకకు పెడ్తె పనికొస్తదనుకున్న."

నాకు కోపం రావాలి. రాలేదు. మా ఇంట్లో అప్పటికి బడి మెట్లెక్కినవాళ్లు లేరు. నేనింకా పలక తలకిందులుగా పట్టుకునే పిల్లను. ఆ పిల్ల పది పాసై, కాలేజీ చదివి, కొలువు కొట్టి, ఏళ్లకేళ్లు చేసి, చివరికి రిటైరయ్యే రోజు దాకా ఆ బురద కాళ్ల మనిషి అలా గడపలో నిలబడే వెళ్లి చూసొచ్చాడు. నేను చూడాలనుకున్న దేశం ఆయన చూసినంత దూరంలో లేదు. ఆ మాట అక్కడే ఆయనతో అని ఉండాల్సింది. బదులుగా ముక్కు చీదుకుంటూ సారుకు ఒక బత్తాయి ఒలిచి ఇచ్చాను.

కోదాడ బస్టాండులో నాయిన కనిపించకుండా పోయి, ఒక ఆపిల్‌తో తిరిగొచ్చాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి, మీద అంటించిన చిన్న స్టిక్కరును గోటితో గీరి చూశాడు. "గిదేనా బిడ్డా, నువ్వు తెంపుతనన్నది?" అన్నాడు. గిదేనన్నాను. కొరికితే లోపలంతా పిండిపిండిగా ఉంది. మస్తుందని చెప్పి గింజల దాకా తిన్నాను.

ఆ గడువు దాటిపోయింది. మరుసటి ఏడాది మళ్లీ గడువు వచ్చేలోపే టీచరు ట్రైనింగులో సీటొచ్చింది, తర్వాత నాయిన అనుకున్నట్టే సర్కారు బడిలో కొలువూ వచ్చింది. ఇప్పుడు నాయిన బస్తాలు మోయడం లేదు, మోకాళ్లకు నూనె రాసుకుంటూ ఇంట్లో ఉంటాడు. ఎవరొచ్చినా, బిడ్డ సర్వీసులో ఒక్కేడు నేను ఇప్పిచ్చిందేనని చెప్పి మురిసిపోతాడు. మొన్న ఆదివారం నాకు ఉండబట్టలేదు.

"నాయినా, నువ్వు దాసిపెట్టిన ఏడాది నాకొద్దు. ఒక్కేడు ముందే రిటైరై ఆపిల్ తోటకు పోత."

నాయిన నూనె సీసా మూత పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "గప్పటికి నీయి గూడ నా అసోంటి మోకాళ్లే అయితయి. చెట్టెట్లెక్కుతవే?"

వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. "నిచ్చెన వాళ్లే ఇస్తరంట గద!"

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ ఏడాది ఎక్కడికీ పోలేదు, నాయిన పెట్టినచోటే భద్రంగా ఉంది. మెట్ల కింద నోరు తెరుచుకుని కూర్చున్న ఆ పిల్లకు ఈ కబురు చెప్పాలనిపిస్తుంది. నిచ్చెన మీద ఉన్న పిల్లకూ ఈపాటికి మోకాళ్ల నొప్పులు మొదలయ్యే ఉంటాయి.