ఎడమవైపు గోడ

చిన్న ట్రక్కులో డ్రైవరు వెనక ఉండే రేకు గోడని తలుపులా వాల్చి, సామాను క్యాబిన్ లోపలిదాకా తోయొచ్చని ఈ భూమ్మీద మొట్టమొదట కనిపెట్టినవాణ్ణి నేను. కంపెనీల వాళ్ళు ఆ తర్వాత అలాంటి బండ్లవి ఎన్ని రంగుల బొమ్మలు అచ్చు వేసినా సరే, అప్పటికే గిలకలదిండి హార్బరులో నా బండి అలా తిరుగుతోంది. ఇరవై అడుగుల పైపులు వెనక జానెడు కూడా బయటికి కనిపించకుండా పట్టేవి. పెడన దగ్గర ఒక ఇంజనీరు జీపు ఆపి, బండి చుట్టూ తిరిగి చూసి, నాకు దండం పెట్టి మరీ వెళ్ళాడు.

ఇంజనీరు దండం పెట్టలేదు. గుడివాడకి దారి అడిగి వెళ్ళిపోయాడు. ఇరవై అడుగులు కూడా నిజం కాదు. క్యాబిన్‌లోకి దూరేది ముందు సీటంత పొడుగే. మిగతాది ఎర్రగుడ్డ కట్టుకుని వెనక వేలాడుతూనే ఉండేది. ఇక కనిపెట్టడం సంగతి. చేపల ఐసు నీళ్ళు, ఉప్పు తగిలి తగిలి ఆ గోడ అడుగున తుప్పు తినేసింది. అతుకు వేయిద్దామని వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళాను. అతుకు బదులు తలుపుకి ఉన్నట్టు మడతబందులు పెట్టిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడ వచ్చింది. మా వదిన దాన్ని ఆలోచన అనదు. దుర్బుద్ధి అంటుంది.

వదిన అంటే మా అన్నయ్య భార్య. రెండు వేల సంవత్సరం దాటాక చిన్న ట్రక్కులు మా వైపు వస్తున్న రోజులవి. అన్నయ్య పోయాక ఆయన పడవ అమ్మగా వచ్చిన డబ్బూ, నా దగ్గరున్నదీ కలిపి బండి కొన్నాం. బండిలో సగం ఆవిడది. పొద్దున్నే హార్బరులో వేలం పాడి చేపలు కొనేది. డ్రైవరు పక్క సీట్లో ఎక్కి, గుడివాడ మార్కెట్లో తన అరుగు మీద తనే కూర్చుని అమ్ముకునేది. మధ్యాహ్నం ఖాళీ తట్టలతో అదే సీట్లో తిరిగొచ్చేది. చేపల తట్ట చేతిలో ఉంటే బస్సు ఎక్కనివ్వరు. అంచేత ఆ సీటు ఉంటేనే ఆవిడకి గుడివాడ. లేకపోతే తన చేపలు నా చేతికిచ్చి, నేను ఏ ధరకి అమ్మానంటే ఆ ధరే నమ్ముతూ ఇంట్లో కూర్చోవాలి.

నాకు కావలసింది సరిగ్గా అదే. ఎందుకంటే ఆ సీట్లో ఆవిడ ఉన్నంతసేపూ బండి నాది కాదు. గుడ్లవల్లేరు దగ్గర టీకని ఆపితే చాలు.

"ఏమయ్యా మరిదీ, ఐసు నీ మొహం చూసి గడ్డకడుతుందనుకున్నావా?"

"టీ తాగడం కూడా తప్పేనా వదినా?"

"తాగు. నా చేపలు కుళ్ళాక వాటిని కూడా నంజుకో."

దారిలో ఎవరైనా చెయ్యెత్తితే ఎక్కించుకునే వీల్లేదు. పాట పెడితే ఆపేసేది. బ్రేకు గట్టిగా వేస్తే, "మీ అన్నయ్య తుఫానులో పడవ నడిపాడు, ఇంత కుదుపు లేదు" అనేది. నా పక్కన కూర్చుని నన్ను చచ్చినవాడితో పోల్చడం ఆవిడకి కాఫీ తాగినంత తేలిక.

వెల్డింగ్ మేస్త్రి బందరులో బీరువాలు చేసే సాయిబు. నా కంటే చిన్నవాడు. తుప్పు పట్టిన రేకుని సుత్తితో తట్టి చూసి, "బాబాయ్, గోడ కోస్తే వానంతా లోపలికొస్తది" అన్నాడు.

"అంతా కొయ్యొద్దు. ఎడమవైపు సగం కొయ్యి. అడుగున బందులు పెట్టు. సీటు వీపు ముందుకి మడిస్తే గోడ దాని మీదికి వాలాలి."

"మరి పక్కన మనిషెక్కడ కూర్చుంటాడు?"

"కూర్చోడు."

మేస్త్రి నా మొహం కేసి చూశాడు. మా ఇంటి గొడవ బందరులో తెలియనివాళ్ళు లేరు. రేకు మీద సుద్దతో గీత గీశాడు. బీరువా తలుపుకి వేసే గడియ ఒకటి బిగించాడు. గోడ వాలిస్తే వెనక బాడీ ముందు అద్దం దాకా పొడుగైనట్టే ఉంది. పని మాత్రం బాగా చేశాడు.

ఇంటికి తెచ్చాక వదినకి నేనొక ఉపన్యాసం ఇచ్చాను. దివిసీమలో రొయ్యల చెరువులు తవ్వుతున్నారు, వాళ్ళకి పైపులు కావాలి, మనం గుడివాడ నుంచి ఖాళీగా వస్తున్నాం, ఇక నుంచి పైపులు వేసుకుని మోపిదేవి దాటించి దించి వద్దాం అని. అందులో అబద్ధం లేదు. పైపులు కావాలన్నదీ నిజమే, ఖాళీగా వస్తున్నదీ నిజమే. ఆవిడ గోడ వైపు చూడలేదు. సీటు వైపు చూసింది.

"వచ్చేటప్పుడు నేనెక్కడ కూర్చోవాలి?"

"బస్సుంది కదా వదినా."

"నా తట్ట నీ నెత్తిన పెట్టుకుంటావా?"

తెల్లారి వెళ్ళేటప్పుడు గోడ నిలబడే ఉంది. ఆవిడ ఎప్పట్లాగే కూర్చుంది. మధ్యాహ్నం గుడివాడలో నేను పైపులు ఎక్కించి, గోడ వాల్చి, వాటి మొనలు సీటు మీదుగా ముందుకి తోయించాను. ఆవిడ ఖాళీ తట్టలు చంకన పెట్టుకుని వచ్చి ఎడమ తలుపు తెరిచింది. సీటు ఉండే చోట పైపుల మూతులు ఆవిడ వైపు తెరుచుకుని ఉన్నాయి.

"తీయించు."

"లోడు కట్టేశాం వదినా."

"తీయించమన్నాను."

కూలీలు చూస్తున్నారు. నేను బండి స్టార్ట్ చేశాను. ఆవిడ తలుపు మూయలేదు. నేనే వంగి, పైపుల మీదుగా చెయ్యి చాపి లాక్కోవలసి వచ్చింది. అద్దంలో చూస్తే, ఎండలో తట్టలు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. నవ్వొచ్చిందని చాలామందికి చెప్పాను. రాలేదు. అలాగని బండీ ఆపలేదు.

ఆవిడ చీకటి పడుతుండగా ఏదో గడ్డి ట్రాక్టరు మీద వచ్చింది. బస్సువాడు తట్టలు చూసి దిగమన్నాడట. ఆ తర్వాత వరసగా అదే తంతు. పొద్దున్నే సీట్లో ఎక్కేది. మధ్యాహ్నం నేను పైపులతో వెళ్ళిపోయేవాణ్ణి. ఆవిడ దొరికిన బండి పట్టుకుని, ఒక్కోసారి నడిచి, ఒంటినిండా గడ్డీ దుమ్ముతో దిగేది. మా ఆవిడ నాకు అన్నం పెట్టి పక్కగదిలోకి పోయేది. విసిగి ఇంట్లో కూర్చుంటుందని నేను ఎదురు చూశాను. విసగలేదు. పెద్దల దగ్గరికి వెళ్ళింది.

మా వాళ్ళలో పంపకాల తగువు ఏదొచ్చినా, కోర్టుకి ముందు ఊరి పెద్దలే తేలుస్తారు. ఇల్లు పంచినా, వల పంచినా, పడవ పంచినా వాళ్ళు అడిగే మొదటి మాట ఒకటే, ఎవరిది ఏ వైపని. వాళ్ళు పిలిచిన రోజు నేను తెల్లచొక్కా వేసుకుని వెళ్ళాను. అందరూ వలలు బాగుచేసే పాకలో కూర్చున్నారు. వదిన ఓ మూల నిలబడింది. పెద్దాయన గొంతు సవరించుకుని నన్ను అడిగాడు.

"గోడ ఏ వైపు కోయించావు?"

"ఎడమవైపండి."

"కుడివైపెందుకు కోయించలేదు?"

"అటు నేను కూర్చుంటానండి."

"అంటే నీ సగం అట్టే పెట్టుకుని, ఆవిడ సగం కోశావన్నమాట."

బండి పంచినట్టు నాకే తెలియలేదు. సుద్ద గీతతో నేనే పంచేశాను. అప్పుడు నేను లేచి నిలబడ్డాను. "అన్నయ్య సగం వదినదే. ఆవిడ సీట్లో పైపు కాదు గదా పూచికపుల్ల పెట్టే హక్కు కూడా నాకు లేదు" అన్నాను. అప్పటికే కొని జేబులో పెట్టుకున్న తాళంకప్ప తీసి, బండి దగ్గరికి నడిచి, ఆ గడియకి నా చేత్తో నేనే వేశాను. తాళంచెవి అందరి ముందూ వదిన చేతిలో పెట్టాను. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. మనిషంటే ఇలా ఉండాలి అన్నారు ఎవరో.

ఆనాటి నుంచి ఆ గోడ ఆవిడ చెబితేనే వాలేది. ఒంట్లో బాగాలేక ఆవిడ మార్కెట్టుకి రాని రోజున నేను గుమ్మం ముందు నిలబడి, "వదినా, పైపులున్నాయి, తాళంచెవి" అని అడగాలి. వినపడనట్టు గిన్నెలు తోముకునేది. మళ్ళీ అడగాలి. మూడోసారికి కొంగు ముడి విప్పి నేల మీదికి విసిరేది. వంగి తీసుకోవాలి. అలా ఎన్నేళ్ళు వంగానో బండి అమ్మేదాకా.

ఇంతవరకు రాసి మొన్న ఆవిడకి చదివి వినిపించాను. పక్క వాకిట్లోనే ఉంటుంది ఇప్పటికీ. పళ్ళన్నీ పోయాయి, నోరు పోలేదు. నేను లేచి నిలబడి మాట్లాడిన చోటు కొంచెం గొంతు పెంచి మరీ చదివాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నది.

"అయిందా?" అంది.

"అయింది. ఎలా ఉంది వదినా?"

"పెద్దలు పిలిచిన రోజు నువ్వు జొరమని దుప్పటి కప్పుకుని ఇంట్లో పడుకున్నావు. నా సగం కోశాడని అన్నది పెద్దాయన కాదు, నేను. తాళంకప్ప కొన్నది నేను, వేసింది నేను, నువ్వు లేచి చూసేసరికి తాళంచెవి నా కొంగులో ఉంది."