ఎడమ సీట్లో బస్తా

మా మేస్త్రి గారు పోయారు. పొద్దుటి షిఫ్టు బస్సు కోసం నిలబడి ఉంటే ముత్తయ్య ఫోన్ చేశాడు. "మేస్త్రి లేడు సార్. నిన్న పొద్దుగాల పోయిండు. ఆళ్ళ ఊళ్ళెనే అంతా అయిపోయింది" అన్నాడు. ముత్తయ్యది భేజ్జి అనే ఊరు. మేస్త్రి గారి షెడ్డులో ఇరవై ఏళ్ళుగా వెల్డింగు చేస్తున్నాడు. నేను "అలాగా" అన్నాను. బస్సు వస్తే ఎక్కి, గని వర్క్‌షాపులో ఆ రోజు పని ఆ రోజు చేశాను. పక్కవాళ్ళకు చెప్పుకోవాలంటే ఆయన నాకు ఏమవుతారో చెప్పాలి. బంధువు కాదు, మా ఊరివాడు కాదు. నా కారు బాగుచేసే మనిషి. ఆ మాట చెబితే ఎవరు ఓదారుస్తారు?

ఆ రోజు నుంచీ ఒక చిన్న పనిని వాయిదా వేస్తూ వచ్చాను. కారు వెనక చక్రాల వాలు మళ్ళీ సరిచేయించాలి. గంటన్నర పని. అది చేయించడానికి నాకెందుకు మనసు రాలేదో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

మేస్త్రి గారు కోంట దగ్గర పల్లెలో, సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టారు. ఇనపరాయి లారీల వెంట మా గనుల ఊరు కిరందుల్ వచ్చి, బజారు చివర రేకుల షెడ్డు వేసుకున్నారు. చక్రాల వాలు చూసే కంప్యూటరు కావాలంటే జగదల్‌పూర్ పోవాలి. ఈయన దగ్గర ఉన్నది ఒక స్టీలు స్కేలు, ఒక దారం, దాని చివర గోడ కట్టేవాళ్ళు వాడే తూకపుగుండు. దారాన్ని మేకుకు చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవారు. షెడ్డులోకి ఏ బండి వచ్చినా ముందు దాని నాలుగు టైర్లనూ వేళ్ళ వెనకవైపుతో తట్టి, ఆ తర్వాతే బండి తెచ్చినవాణ్ణి పలకరించేవారు.

నాకు ముప్పై ఆరేళ్ళప్పుడు ఒక పిచ్చి పట్టింది. విశాఖపట్నంలో పాత కారు కొని, పొట్టి స్ప్రింగులు వేయించి, నేలకు దించేశాను. క్వార్టరులో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. వీధిలో వెళ్తుంటే నలుగురు తిరిగి చూస్తారని కావచ్చు. చూశారు కూడా, ఒక వారం. రెండు నెలలు తిరక్కుండా వెనక టైర్లు లోపలి అంచున అరిగి దారాలు తేలాయి. కారును దించితే చక్రాల పైభాగం లోపలికి వాలుతుంది. దాన్ని మళ్ళీ నిలబెట్టాలంటే చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ తీసేసి, పొడుగు మార్చుకునే వీలున్న కాంబర్ ఆర్మ్ వేయాలి. ఫోన్లో ఒకటి ఎంచుకుని మేస్త్రి గారికి చూపించాను. ఎర్ర రంగు, రెండు చివర్లా ఉక్కు గోళీల కీళ్ళు.

"మంచిగ మెరుస్తంది" అన్నారు. "ఎంత వాలిందో కొలిచినవా సారూ?"

లేదన్నాను.

"కొలవకుండ కొంటే అది సోకు. కొలిచి కొంటే సామాను."

మడ్‌గార్డుకు దారం వేలాడదీసి, చక్రానికి పైన ఎంత ఎడం ఉందో, కింద ఎంత ఉందో కొలిచారు. స్కేలు జేబులో పెట్టుకుని, నా ఫోన్ మళ్ళీ తీసుకున్నారు.

"ఈ గోళీ కీళ్ళు పందెం బండ్లకు. మన ఎర్రదుమ్ము దాంట్ల జొచ్చిందంటే రెండో వానకాలానికి టకటక మోగుతది. రబ్బరు బుష్షులది తీస్కో. నడుమ తిప్పితే బండికి ఉండంగనే పొడుగయ్యేది కావాలె, మాటిమాటికి ఊడదీసేది కాదు. నట్టుకు పానా అందుతదా చూసుకో. ఇంకొకటి. మర చుట్లు ఎన్ని బయటికొచ్చినయని చూడకు, లోపల ఎన్ని మిగిలినయని చూడు. లోపల తక్కువుంటే అది ఆర్మ్ కాదు, ఉత్త ఆశ."

మీలో ఎవరైనా కారు దించుకుని ఉంటే ఈ మాటలు రాసిపెట్టుకోండి. ఇంతకంటే సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు.

ఆయన చెప్పిన రకం ఆర్మ్‌లు రాయ్‌పూర్ నుంచి బస్సులో పార్సిలు వచ్చాయి. బిగించే ముందు ఆయన అడిగిన ప్రశ్నకు మాత్రం నేను సిద్ధంగా లేను. "బండిల ఎవరెవరు కూసుంటరు?"

అది ఆ షెడ్డు ఆచారం. "ఖాళీ బండిని సరిచేస్తే ఖాళీ బండే సరిగ పోతది" అనేవారు. రోజూ ఎంతమంది ఎక్కుతారో అంత బరువు పెట్టి మరీ వాలు చూసేవారు. నిప్పురవ్వల మధ్య ఆడవాళ్ళూ పిల్లలూ గంటలకొద్దీ కూర్చోలేరు కాబట్టి, ఎవరి బరువుకు సరిపడా వాళ్ళు వాగు ఇసుక బస్తాలు నింపి తెచ్చేవారు. వాటిమీద పెయింటుతో అమ్మ, పెద్దోడు, అత్త అని రాసి ఉండేది. ఊళ్ళో సగం కుటుంబాలు ఆ షెడ్డు గోడవారగా బస్తాల్లో కూర్చుని ఉండేవి.

"నేనూ, మా ఆవిడా" అన్నాను. నాకు పెళ్ళి కాలేదు. ఎందుకు అలా అన్నానో చెప్పడానికి ఇప్పుడూ సిగ్గుగానే ఉంది. అన్ని బస్తాల ముందు ఒక్కణ్ణే అనడానికి నోరు రాలేదు.

"అయితే ఆయమ్మంత బస్తా తెచ్చుకో" అన్నారు.

వాగుదాకా ఎవరు పోతారని, క్వార్టర్ల వెనక కాలువలోకి వాన కొట్టుకొచ్చిన ఎర్ర పొడి నింపాను. ఖాళీ బస్తాను ఎడమ సీట్లో కూర్చోబెట్టి, మనిషి భుజాలంత ఎత్తు వచ్చేదాకా పారతో పోశాను. అది మట్టి కాదు, ఇనపరాయి పొడి. ఎత్తి చూసి ఉంటే తెలిసేది. ఇనుము తవ్వే చోట జీతం తీసుకుంటూ ఇనుము బరువుంటుందని తోచలేదు నాకు. షెడ్డుకు చేరేసరికి కారు ఎడమపక్కకు ఒరిగిపోయింది.

మేస్త్రి గారు కారు చుట్టూ తిరిగి వచ్చి, "మీ ఇంటామె ఏం తింటది సారూ?" అన్నారు.

ముత్తయ్య పడీపడీ నవ్వాడు. ఆయన మాత్రం బస్తా మూతి విప్పి, ఎర్ర పొడిని వేళ్ళ మధ్య నలిపి, నా ముఖంలోకి ఒకసారి చూశారు. ముత్తయ్యను చాయ్‌కి పంపారు. తర్వాత మెల్లగా అన్నారు.

"ఇంటి మనిషి బరువు ఎరగనోడు ఉండడు బిడ్డా. బండికి అబద్ధం చెప్పకు. మనుషులు ఊకుంటరు, టైరు ఊకోదు."

అంతవరకూ సారూ అన్న మనిషి ఆ వేళే మొదటిసారి బిడ్డా అన్నారు. నేను తల వంచుకున్నాను. నిజం చెప్పమని ఆయన అడగలేదు. ఆ పొడి పారబోసి, చేతులు దులుపుకుని, చెప్పులు విడిచి, ఎడమ సీట్లో తానే ఎక్కి కూర్చున్నారు. "నా బరువుకు పెట్టుకుందాం. ముత్తయ్య రానీ, దారం వాడు చూస్తడు."

తర్వాతి ఆదివారం మా క్వార్టరు ముందుకు వచ్చి నిలబడ్డారు. "ఎట్ల పెట్టినమో నడిపి చూడాలె గద" అన్నారు. ఆ నడిపి చూడడం ఆరేళ్ళు సాగింది. ఒక ఆదివారం బచేలి, ఒక ఆదివారం దంతెవాడ. అప్పుడప్పుడు సుక్మా దాకా పోయి, ఒక చాయ్ తాగి తిరిగొచ్చేవాళ్ళం. దారిలో భద్రతా బలగాల క్యాంపు దగ్గర జవాన్లు ఆపి ఎక్కడికని అడిగితే, "ట్రయల్ హై సాబ్" అనేవారు. ఏ ట్రయలైనా ఆరేళ్ళు ఉంటుందా? నేను నవ్వు ఆపుకునేవాణ్ణి. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. చెప్పులు బయటే దులిపి, కాళ్ళకింద పాత పేపరు పరుచుకుని కూర్చునేవారు. గుంట వస్తే చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వెనక చక్రం చప్పుడు వినేవారు. వారమంతా నేను ఆ ఒక్క పూట కోసం ఎదురుచూసేవాణ్ణి. ఆ సంగతి ఆయనకు ఒక్కసారైనా చెప్పలేదు.

తర్వాత ఆయనకు ఒంట్లో బాగాలేకుండా పోయింది. "నేను రాని నాడు వాలు చూసుకోవాలంటే?" అని, రేషను దుకాణం కాటా మీద తూచి, తన బరువంత ఇసుక బస్తా నింపి గోడవారగా పెట్టించారు. దానిమీద పేరు రాయలేదు. పోయినేడు ఊరికి వెళ్ళిపోయే ముందు షెడ్డుకు వచ్చారు. చొక్కా భుజాల దగ్గర వేలాడుతోంది. బస్తా మూతి విప్పి దోసిళ్ళతో ఇసుక తీసి కింద పోయడం మొదలుపెట్టారు. నేను వద్దన్నాను.

"నేను తగ్గినంక బస్తా తగ్గొద్దా?" అన్నారు. పది దోసిళ్ళు తీశారు. ఆయన్ను చూడటం అదే ఆఖరు. కోంట ఒక పూట ప్రయాణం. వెళ్ళొచ్చు. వచ్చే ఆదివారం, ఆ పై ఆదివారం అనుకుంటూ కూర్చున్నాను. ఆ తప్పు నాదే.

పది నెలలుగా కారులో నేనొక్కణ్ణే. ఇద్దరికి పెట్టిన వాలు, ఒక్కడు నడిపే బండి. టైరు ఊకోదని ఆయన ఊరికే అనలేదు. ఎడమ వెనక టైరు ఒకవైపే అరగడం మొదలైంది. కబురు వచ్చిన నెలకు, మొన్న ఆదివారం, షెడ్డుకు వెళ్ళాను.

ముత్తయ్య ఏమీ అడగకుండానే ఆ పేరులేని బస్తాను రెండు చేతుల్తో తెచ్చి ఎడమ సీట్లో పెట్టాడు. నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. వాడు దారం కట్టి, గుండు నిలిచేదాకా ఆగి, స్కేలు పట్టుకుని నా వైపు చూశాడు. మేస్త్రి గారు అడిగినట్టే అడిగాడు.

"బండిల ఎవరెవరు కూసుంటరు సార్?"

పక్కకు చూశాను. బస్తా కొంచెం ముందుకు వంగి కూర్చుని ఉంది. ఇద్దరమని అంటే ముత్తయ్య కాదనడు. వాడు ఊకుంటాడు.

"నేనొక్కణ్ణే" అన్నాను.

ముత్తయ్య తలుపు తీసి, బస్తాను ఎత్తి తీసుకుపోయాడు. ఎడమవైపు కారు గోరంత పైకి లేచింది. ఎడమ అద్దంలో దారం కనిపిస్తోంది. గుండు అటూ ఇటూ ఊగింది. ఊగడం తగ్గి, తగ్గి, ఇందాకటి చోటుకు కొంచెం పక్కన నిలిచిపోయింది.