కుసుమ టీచర్ ఆడిన దేవతల ఆట

పై అంతస్తులో పిల్లలెవరో టీవీలో కొత్త ఆట పెట్టినట్టున్నారు. కొమ్ముబూర శబ్దం, దాని వెనక మంచుగాలి హోరు మా వంటింటి కప్పులోంచి దిగివస్తున్నాయి. పాలు పొంగుతున్న సంగతి కూడా చూసుకోకుండా అలాగే నిలబడిపోయాను. అలాంటి బూర వినగానే నాకు కుసుమ టీచర్‌గారు గుర్తొస్తారు.

ఆవిడ రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ దగ్గర బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. పార్వతీపురం మనిషి, పెళ్లి చేసుకోలేదు. ఫ్యాక్టరీల మధ్య ఉన్న బీర్‌గావ్‌లో మా పక్క వాటా కొనుక్కుని, తీర్థయాత్రల ఊసెత్తకుండా, టీవీకి తగిలించే ఆటల పెట్టె ఒకటి తెచ్చుకున్నారు. మావారు సిల్తారా ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టుకి వెళితే ఇంట్లో నేనూ, మా కిరణూ మిగిలేవాళ్లం. వాడికప్పుడు తొమ్మిదేళ్లు, ఉబ్బసం. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి నల్లటి మసి పేరుకునే చోట, వాణ్ణి గుమ్మం దాటనివ్వడానికి నాకు ధైర్యం చాలేది కాదు. మందు పీల్చే పంపు జేబులో పెట్టుకుని ఆడుకోనివ్వమని డాక్టరు చెప్పినా నేను వినలేదు. వాణ్ణి పంపే చోటు ఒక్క టీచర్‌గారిల్లే. తోడుగా నేనూ వెళ్లి కూర్చునేదాన్ని.

ఉత్తరాది మంచుదేశాలవాళ్లు ఒకప్పుడు కొలిచిన దేవతలంటే ఆవిడకు ప్రాణం. పుస్తకాల్లో చదివినవాళ్లను ఆటల్లో వెతికేవారు. ఉరుముల దేవుడు థోర్ తెరమీదకు రాగానే నవ్వు మొదలయ్యేది.

"చూసేవా సుధా, ఆటల్లో వీడికెప్పుడూ కండలూ, కోపమూనే. పాత కథలో వీడి సుత్తి ఎవడో కాజేస్తే, పెళ్లికూతురి వేషం కట్టి మరీ వెళ్లి తెచ్చుకున్నాడు."

"కీచకుడి దగ్గరకు భీముడు వెళ్లినట్టా?" అన్నాను.

"బస్, అచ్చం అదే. ఆ వేషం వీళ్లు తీసేసేరు. కానీ ఒక్కోచోట భలే చేస్తారు. వీళ్ల పెద్ద దేవుడు ఓడిన్ జ్ఞానం కోసం ఒక కన్ను ఇచ్చేసేడని పుస్తకంలో చదివి పేజీ తిప్పేసేను. ఆటలో నేనే ఓడిన్ అయితే, ఆ కన్ను లేని పక్కనుంచి వచ్చేదేదీ కనబడదు. ఎంత ఇచ్చేడో అప్పుడు తెలిసింది."

ఒక వేసవిలో ఆవిడ ఫ్రిగ్ అయి ఆడారు. ఫ్రిగ్ అంటే ఓడిన్ భార్య, బాల్డర్‌కు తల్లి. కొడుక్కి చావు రాసిపెట్టి ఉందని తెలిసి, ఆ తల్లి లోకమంతా తిరిగి, వాడికి హాని చేయబోమని నిప్పుతో, ఇనుముతో, రాళ్లతో, రోగాలతో మాట తీసుకుంటుంది. పాత కథలో, చెట్టుకొమ్మ మీద మొలిచిన బదనికను మాత్రం పసిది కదా అని వదిలేస్తుంది. చివరికి ఆ బదనిక పుల్లే తగిలి బాల్డర్ చనిపోతాడు. ఆట చేసినవాళ్లు అక్కడ చిన్న సందు ఉంచారు. ఓపిగ్గా వెతికితే బదనికతోనూ మాట తీసుకోవచ్చు. టీచర్‌గారూ, కిరణూ కలిసి ఎలాగో దాన్ని పట్టుకున్నారు.

బాల్డర్ బతికాడు. బంగారు మందిరంలో కూర్చున్నాడు. బయట తోటి దేవతలు పరుగులు పెడుతున్నారు. తల్లిని నడిపించి తలుపు తెరిపించినా అతను లేవలేదు.

"గెలిచాం కదా, మరి లేవడేం?" అన్నాడు కిరణ్.

టీచర్‌గారు ఆట ఆపేశారు. నాకు ఒళ్లు మండింది. వాణ్ణి ఇంటికి పంపించి అడిగేశాను. "నాకు బుద్ధి చెప్పడానికేనా ఇదంతా?"

"నీ గురించి కాదమ్మా. మా తమ్ముడు గుర్తొచ్చేడు," అన్నారావిడ. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడేనట. సైకిలు వద్దన్నారు, ఆటలు వద్దన్నారు, దూరపు ఉద్యోగం వద్దన్నారు. "యాభై దాటేయి వాడికి. పక్క ఊరెళ్లాలన్నా ఫోన్ చేసి, అక్కా, వెళ్లమంటావా అనడుగుతాడు. మంచోడే. కానీ అడుగుతాడు."

వానలు పడి గాలి కాస్త తేటపడ్డాక, కిరణ్‌ను రైల్వే గ్రౌండుకి ఫుట్‌బాల్ ఆడడానికి తీసుకెళ్లాను. టీచర్‌గారూ వచ్చారు. కాసేపు పరుగెత్తాక వాడికి ఆయాసం అందుకుంది. పక్కకొచ్చి, గడ్డిలో కూర్చుని, తనే పంపు తీసి పీల్చాడు. తర్వాత మా వైపు చూశాడు. నేను లేచేశాను.

"నువ్వెలా ఉన్నావో చూస్తన్నాడు," అన్నారు టీచర్‌గారు, మెల్లగా.

కూర్చున్నాను. మొహం మామూలుగా పెట్టడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. వాడు కాసేపు ఊపిరి కూడగట్టుకుని, మళ్లీ మైదానంలోకి పరుగెత్తాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఆవిడన్నారు. "ఫ్రిగ్‌ది తప్పని నేననను. తల్లన్నాక మాట తీసుకుంటాది. ఎక్కడో ఆపాలి. ఎక్కడన్నది నాకూ తెలీలేదు."

టీచర్‌గారు పోయి మూడేళ్లయింది. కిరణ్ ఇప్పుడు బిలాస్‌పూర్‌లో చదువుతున్నాడు. మొన్న స్నేహితులతో అమర్‌కంటక్ కొండలెక్కడానికి వెళుతున్నామని ఫోన్ చేశాడు. అక్కడ చలెంత, దగ్గర్లో ఆసుపత్రి ఉందా, ఎవరెవరు వెళుతున్నారు అనే ప్రశ్నలన్నీ నోటిదాకా వచ్చాయి.

"వచ్చాక ఏం చూశావో అన్నీ చెప్పాలి," అన్నాను.

ఫోన్ పెట్టేశాక టీ పెట్టుకుని, బాల్కనీలో కూర్చుని తాగాను.