మిగలని అన్నం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అన్నం ఏనాడూ మిగిలేది కాదు. వండడం మాత్రం ఎప్పుడూ కావలసినదాని కంటే కొంచెం ఎక్కువే వండేవాళ్లు. ఆ ఎక్కువ ఎక్కడికి పోతోందని ఇంట్లో ఎవరూ అడగలేదు. నేను తరువాత రసాయన శాస్త్రం చదువుకుని, ఒక కర్మాగారపు ప్రయోగశాలలో ఉద్యోగం చేసి, పదవీ విరమణ కూడా చేశాను. లోపలికి వెళ్లిన పదార్థం ఎక్కడో ఒకచోట తేలి తీరాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. కాలేజీలో ఎవరూ చెప్పకముందే ఆ పాఠాన్ని మా నాన్నమ్మ చెప్పింది. చెప్పిన తీరు మాత్రం ఇంట్లో ఎవరికీ రుచించలేదు.

మేము రాయపూర్‌లో రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్లం. ఆ ఊరు అప్పటికి మధ్యప్రదేశ్‌లో ఉండేది. నాన్నగారు స్టేషన్లో పార్సిల్ ఆఫీసు గుమాస్తా. ఆ ఉద్యోగం కోసమే విజయనగరం నుంచి వచ్చారు. ఇంట్లో నాన్నగారు, అమ్మ, నేను, నా తరువాత ఇద్దరు తమ్ముళ్లు, నాన్నగారిని కన్న మా నాన్నమ్మ. వీధిలో హిందీ, కూరలమ్మే ఆడవాళ్లతో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో మా జిల్లా తెలుగు నడిచేవి. నాన్నగారి నోట మాత్రం అన్నీ కలిసిపోయి వచ్చేవి.

పెళ్లినాటి ఫోటోలో అమ్మ సన్నగా ఉంటుంది. నేనెరిగిన అమ్మ గోడ పట్టుకుని లేచేది, గడప దాటేటప్పుడు ముందు ఒక కాలు పెట్టి, ఆగి, రెండో కాలిని దాని పక్కకు చేర్చుకునేది. ఏడాదికొకసారి, వేసవి సెలవుల్లో, విజయనగరంలో ఉన్న అమ్మమ్మ దగ్గరికి వెళ్లడం అమ్మకున్న ఒకే ఒక్క ప్రయాణం. ఆ బండి అవతలి ప్లాట్‌ఫారం మీద ఆగుతుంది. అక్కడికి చేరాలంటే ఇనుప వంతెన ఎక్కి దిగాలి. ఒక వేసవిలో అమ్మ ఆ వంతెన సగం ఎక్కి, మెట్టు మీదే కూర్చుండిపోయింది. సామాను పట్టుకున్న మేము కిందికీ పైకీ చూస్తుండగానే బండి కదిలి వెళ్లిపోయింది. ఇంటికి వచ్చాక నాన్నగారు కోప్పడలేదు. వజన్, అంటే బరువు, తగ్గితేనే ఇక ప్రయాణమని చెప్పి, టోపీ పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయారు. అమ్మమ్మకు అప్పటికే చూపు మందగిస్తోంది. మరో ఏడాది ఆగితే తనను ముఖం చూసి గుర్తుపడుతుందో లేదోనని అమ్మ భయం.

రైల్వే ఆసుపత్రిలో చూపిస్తే డాక్టరు మందేమీ రాయలేదు. మోకాళ్లు మోయవలసిన దానికంటే ఎక్కువ మోస్తున్నాయనీ, బరువు తగ్గడమే వైద్యమనీ, నెలనెలా తూకం చూసుకోమనీ చెప్పాడు. పార్సిల్ ఆఫీసు కాటా కంటే సరైన కాటా ఊళ్లో లేదని నాన్నగారికి గట్టి నమ్మకం. అది నిజం కూడా. దాన్ని క్రమం తప్పకుండా పరీక్షించి ముద్ర వేసేవారు. ఆ నమ్మకంతోనే అమ్మను అక్కడికి తీసుకువెళ్లారు. వెంట నేనూ ఉన్నాను. పండరీ బట్టల బజారు దుకాణాలకు వెళ్లే గోనెపట్టా చుట్టిన బట్టల మూటలను పక్కకు జరిపి, ఆ ఇనుప బల్ల మీద అమ్మను నిలబెట్టారు. కడ్డీ ఊగడం మానేదాకా కదలకుండా నిలబడాలి. అంతలో పక్క బల్ల దగ్గరి గుమాస్తా ఒకాయన, ఇది ఎక్కడికి వెళ్లే పార్సిలని నవ్వుతూ అడిగాడు.

"కహాఁ కా పార్సల్ హై, బాబూజీ?"

హమాలీలు నవ్వారు. నాన్నగారూ నవ్వారు. అమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కడ్డీ నిలకడకు వచ్చేదాకా అలాగే నిలబడింది. ఆ రోజు తేలిన అంకె నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇక్కడ రాయను.

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో పర్హేజ్ మొదలయింది. పథ్యాన్ని నాన్నగారు ఆ మాటతోనే పిలిచేవారు. అమ్మకు రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలు. టీలో చక్కెర లేదు. నెయ్యి లేదు. వేపుళ్లు మాకే, అమ్మకు కాదు. అమ్మ ఒక్క నియమం కూడా తప్పలేదు. నెల తిరిగాక కాటా చూస్తే బరువు తగ్గకపోగా కాస్త పెరిగింది. ఆ తరువాతి నెల మరి కాస్త పెరిగింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, నాన్నగారు మా అందరి ముందు అమ్మను అడిగారు.

"కాటా అబద్ధం చెప్పదు. నేను లేనప్పుడు దొంగతిండి తింటున్నావా?"

తినడం లేదని అమ్మ అంది. పిల్లల మీద ఒట్టు వేయబోయి ఆగింది. అమ్మ అబద్ధం చెప్పలేదు. తను తినేది రెండు పుల్కాలేనని మనస్ఫూర్తిగా నమ్మింది. ఎందుకు నమ్మిందో చెప్పాలంటే మా ఇంటి పంక్తి గురించి చెప్పాలి.

మా ఇంట్లో ముందు నాన్నమ్మ తినేది. తన కంచం, తన గ్లాసు వేరు. ఎవరి ఎంగిలీ ముట్టేది కాదు. తినగానే వరండాలో చాప మీద నడుం వాల్చేది. తరువాత నాన్నగారు, తమ్ముళ్లు. నాన్నగారికి కంచం పూర్తిగా ఖాళీ చేసి లేవడం పేదరికంగా అనిపించేది. అడిగి మరీ పెరుగన్నం వేయించుకుని, అందులో సగం వదిలేసి లేచేవారు. తమ్ముళ్లు నాన్నగారిని చూసి నేర్చుకున్నారు. అందరి తరువాత అమ్మ కూర్చునేది. పన్నెండో ఏడు వచ్చాక, ఆడపిల్లను గనక నన్ను కూడా ఆ ఆఖరి పంక్తికి మార్చారు. అందువల్ల మిగతావాళ్లు చూడనిది నేను చూశాను. అన్నం పారేయకూడదు. అది అమ్మకు అత్తవారింట్లో మొదట నేర్పిన మాట. కంచాల్లో వదిలిన పెరుగన్నం, తమ్ముళ్లు కలిపి వదిలేసిన పప్పన్నం, గిన్నె అడుగున అంటుకున్నది, నిన్నటి వేపుడు కాస్త, ఇవన్నీ ఒక సత్తు గిన్నెలోకి తీసుకుని, చారు పోసి, రెండు చేతులా వంచి పూర్తిచేసేది. ఆ తరువాత తన పుల్కాలు తినేది. పుల్కాలు తిండి. గిన్నెలోది తిండి కాదు. వంటిల్లు శుభ్రం చేసే పనిలో ఒక భాగం. తోమడానికి ముందు చేసే పని.

ఇదంతా ఆనాడు నాకు వింతగా అనిపించలేదు. నా కంచంలో కూడా తమ్ముడు వదిలిన ముద్ద ఒకటి పడుతూ ఉండేది.

దొంగతిండి అన్న మాట వరండాలో ఉన్న నాన్నమ్మ చెవిన పడింది. మర్నాడు ఆదివారం, నాన్నగారికి సెలవు. మధ్యాహ్నం అమ్మ పీట వేసి పిలిస్తే నాన్నమ్మ రాలేదు. ముందు మగవాళ్లను తినమంది. వాళ్లు లేచాక వంటింట్లోకి వచ్చి, అమ్మ చేతిలోని గరిటె తీసుకుని, అమ్మను పీట మీద కూర్చోబెట్టింది. కంచంలో ఒక గరిటెడు వేడి అన్నం, దానికి రెట్టింపు తోటకూర పప్పు, గ్లాసెడు మజ్జిగ పెట్టింది. అత్తగారి కంటే ముందు తినడం అలవాటు లేక అమ్మ బిత్తరపోయి చూసింది. నాన్నమ్మ ఆ చూపు పట్టించుకోకుండా కంచాలన్నీ దగ్గరికి లాక్కుంది. ఒక్కొక్కదాన్ని వేళ్లతో తుడిచి సత్తు గిన్నెలో వేసింది. అడుగంటింది గీకింది. చారు పోసింది. ఆ గిన్నె పట్టుకుని ముందు గదిలోకి వెళ్లి, కుర్చీలో పేపరు చదువుకుంటున్న నాన్నగారి ఎదుట నేల మీద కూర్చుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

నాన్నగారు పేపరు దించి చూసి, సగం లేచారు.

"అమ్మా, ఏమిటది? నా ఎంగిలి, పిల్లల ఎంగిలి నువ్వు తినడమేమిటి?"

"నీ పెళ్లాం తినొచ్చేటి?"

"అది వేరు."

"ఏటి వేరు? దానికి కడుపు కాదా? నిన్న దొంగతిండన్నావు కదరా. ఇదే ఆ తిండి. కూర్చుని సూడు."

నాన్నగారు గిన్నె లాక్కోబోయారు. నాన్నమ్మ ఎడమచేత్తో దాన్ని ఒడిలోకి జరుపుకుంది. ఎవరి గ్లాసులోనూ నీళ్లు తాగని మనిషి, ఆ గిన్నెలోని ప్రతి ముద్దనూ నమిలి మింగింది. తొందరపడలేదు. ముఖం చిట్లించలేదు. నాన్నగారు లేచి వెళ్లలేకపోయారు, చూడలేకపోయారు. ఆయన కళ్లు తిరిగి తిరిగి ఆ గిన్నె మీదికే వచ్చేవి. మేము గుమ్మంలో నిలబడి చూశాం. ఒక పూట మా అందరి కంచాల్లో మిగిలినదంతా ఒక్కచోట చేరితే ఎంత అవుతుందో ఇంటి యజమాని చూడడం అదే మొదటిసారి. అది ఒక మనిషి పూర్తి భోజనం కంటే ఎక్కువ. గిన్నె ఖాళీ అయ్యాక ఆమె చెయ్యి కడుక్కుని వరండాలో పడుకుంది. సాయంత్రం దాకా కడుపు పట్టుకుని ముడుచుకునే ఉంది.

దీపాలు పెట్టే వేళకు అమ్మ వాము నీళ్లు కాచి తీసుకువెళ్లి పక్కన పెట్టింది. కృతజ్ఞతతో కరిగిపోయిందని రాస్తే కథ బాగుండును. అలా జరగలేదు. నిలబడే అడిగింది.

"అత్తయ్యా, పారేయకూడదని నాకు చెప్పింది మీరే. ఈ మాట నా పెళ్లయిన కొత్తలో ఎందుకనలేదు?"

"నాకెవులన్నారే?" అంది నాన్నమ్మ. లేచి కూర్చుని వాము నీళ్లు తాగింది.

మర్నాటి నుంచి ఇల్లు నడిపే తీరును నాన్నమ్మ మార్చింది. బియ్యం కొలిచే డబ్బా మారిపోయి, అంతకంటే చిన్నది వచ్చింది. ఎవరికి కావలసింది వాళ్లే, ముందు కొంచెం, చాలకపోతే మళ్లీ కొంచెం వేసుకోవాలి. వేపుడు అందరికీ తగ్గింది. తమ్ముళ్లు గోల చేసినా తగ్గింది. పొద్దున్న అమ్మకు చోడి అంబలి. రాగులను మా జిల్లాలో చోళ్లంటారు. రాయపూర్ బజారులో మడియా అని అడగాలి. అప్పటిదాకా నాన్నగారు సైకిలు మీద తెచ్చే కూరలను, ఇకపై అమ్మా నేనూ పండరీ వైపు రోడ్డు దాకా నడిచి వెళ్లి తేవాలి. మొదట్లో అమ్మ సందు చివరి దాకా వెళ్లి, గోడ దగ్గర ఆగేది. తరువాత ఆ గోడ దాటింది. పల్లెల నుంచి వచ్చి లాల్ భాజీ, అంటే ఎర్ర తోటకూర, అమ్మే ఆడవాళ్లు అమ్మను దీదీ అని పిలిచి, కూర్చోవడానికి బుట్ట బోర్లించి ఇచ్చేవాళ్లు. పంక్తిలో అమ్మ కంచం అందరితో పాటే పడేది. మిగిలింది ఏమైనా ఉంటే గేటు దగ్గరికి వచ్చే వీధి ఆవుకు పెట్టాలి.

అన్నిటికంటే కష్టమైంది ఆ చివరిదే. ఉపవాసం ఉండమంటే ఉండగలిగిన అమ్మ, పిడికెడు అన్నం ఆవు ముందు పోయడానికి గేటు దగ్గర ఎంతోసేపు నిలబడేది. నాన్నగారు కొన్నాళ్లు కోపంతో కంచం నున్నగా తుడిచి లేచారు. తరువాత కోపం పోయింది, దాంతో ఆ అలవాటూ పోయింది. పెరుగన్నం మళ్లీ మిగిలేది. అయితే అది ఇప్పుడు ఆవుకు చేరేది.

బరువు తగ్గింది. నెమ్మదిగా, ఒక్కో నెల ఆగుతూ, తగ్గింది. అమ్మ కాటా దగ్గరికి మాత్రం మళ్లీ వెళ్లలేదు. వదులైన రవికెలే కొలత అయ్యాయి.

వేసవి వచ్చింది. అమ్మ వంతెన ఎక్కింది. కమ్మీ పట్టుకుని, ఎక్కడా కూర్చోకుండా పైదాకా ఎక్కి, అక్కడ నిలబడి కింద పట్టాలను చూసింది. వెనకనుంచి పెట్టె మోసుకుంటూ వచ్చిన నాన్నగారు సంతోషంగా, నిజమైన సంతోషంతోనే అన్నారు.

"చూశావా, తలుచుకుంటే తగ్గొచ్చని మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

అమ్మ దిగడం మొదలుపెట్టింది. ఎక్కినంత తేలిగ్గా దిగలేకపోయింది. పక్కకు తిరిగి, ఒక మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఆపైన ఇంకో మెట్టు. దేహం మీది బరువు తీయవచ్చు. అన్నేళ్లు ఆ బరువు కింద అరిగిన కీలు మళ్లీ పూడదు. డాక్టరు ఆ మాట తరువాత చెప్పాడు. నాకు ఆ మెట్ల మీదే అర్థమయింది.

విజయనగరంలో అమ్మమ్మ మసక చూపుతో అమ్మ ముఖం తడిమి గుర్తుపట్టింది. చిక్కిపోయావేమిటే, అక్కడ తిండి పెట్టడం లేదా అని బాధపడింది. మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక, గిన్నెలు ముందు వేసుకుని, అడుగున ఉన్నదంతా తడుముకుంటూ ఒక్కచోటికి తీసుకుంది. అమ్మ చూస్తూ కూర్చుంది. ఏమీ అనలేదు. చెప్పేటంత కాలం అమ్మమ్మకు లేదనుకుందో, చెప్పడానికి తను ఎవరనుకుందో నాకు తెలియదు.

ఇప్పుడు ఎవరైనా తమ ఇంటి ఆడమనిషి గురించి, ఎంత చెప్పినా ఒళ్లు తగ్గించుకోదని నా ముందు నవ్వుతూ అంటే, నాకు ఆ ఇనుప బల్లా, దాని చుట్టూ వినిపించిన నవ్వులూ గుర్తొస్తాయి. మీ ఇంట్లో ఆఖరున తినేదెవరని మాత్రం అడుగుతాను. చాలామందికి తెలియదు. లోపలికి వెళ్లినదీ బయటికి వచ్చినదీ లెక్క వేసేటప్పుడు గీత ఒక్క మనిషి చుట్టూ గీస్తే తప్పు వస్తుంది, ఇల్లంతటి చుట్టూ గీయాలని నా ఉద్యోగపు భాషలో వివరించబోయి ఊరుకుంటాను.

నా ఇంట్లో అందరం కలిసే తింటాం. కొలిచే వండుతాను. అయినా ఏదో ఒక పూట గిన్నె అడుగున పిడికెడు మిగులుతుంది. కడుపు నిండి ఉంటుంది, నాకు తెలుస్తూనే ఉంటుంది. నా చెయ్యి మాత్రం ఇప్పటికీ ముందు దాని వైపే వెళుతుంది.