తుఫానుకు ముందు దించిన పందిరి

మా మిరప నర్సరీకి పైకప్పు అంటే ఇనుప గొట్టాల మీద పరిచిన పచ్చ వల. దాని నీడలో ట్రేలలో నారు పెంచుతాం. ఆ ఏడు కారంపూడి రైతులు చెప్పి పెట్టుకున్న నారంతా నాటుకు సిద్ధమైంది. పంపడానికి రెండు రోజులుందనగా ఫోన్లలో తుఫాను కబురు వచ్చింది. నారు పోతే మళ్ళీ పెంచేలోగా వాళ్ళ అదను దాటిపోతుంది.

వలను ఇంకా బిగించాలని మా ఆయన మోపెడు తాళ్ళు తెచ్చాడు. అంతకుముందు గాలివానకు మేం చేసిన పొరపాటూ అదే. బిగించిన వల గాలికి ఉబ్బి, గొట్టాలను పెకలించి నారు మీదే పడేసింది.

"వల దించేద్దామయ్యా," అన్నాను.

"ఏందే నువ్వనేది? తుఫానొస్తుంటే ఎవరన్నా కప్పు పీకుతారా?"

ఆ గొట్టాలు నిలబెట్టిన వెల్డింగు షాపు సాయిబు అన్నను పిలిపించాను. ఆయన పైకి చూసి, "చెల్లెమ్మ చెప్పిందే రైటు బావా. గాలికి దారియ్యాల," అన్నాడు.

"అన్నాచెల్లెళ్ళు ఒకటైతే ఇంక నా మాటెవరు వింటారు!" అంటూనే మా ఆయన కత్తి పట్టుకుని నిచ్చెనెక్కాడు.

ట్రేలను ఎత్తు మడుల మీదికి చేర్చాం. వెదురు బద్దలు వంచి, అదే వలను మోకాలెత్తున కప్పి, అంచుల మీద ఇసుక బస్తాలు పెట్టాం. చుట్టూ కాలువ తీశాం. ఆ రోజు నారుకు నీళ్ళు ఆపేశాను. ట్రేలలో మట్టికి బదులు నింపిన కొబ్బరి పొట్టు ఆరితేనే కదా వాననీటికి చోటు!

బడికి పంపకుండా ఇంట్లోనే అక్షరాలు దిద్దించిన మా అమ్మ, దండం పెట్టాక చేతులు ఖాళీగా ఉంచొద్దని కూడా నేర్పింది. కోటప్పకొండ స్వామి వైపు తిరిగి దండం పెట్టుకుని, చివరి బస్తా నేనే మోశాను.

తెల్లారేసరికి మొదలైన వాన పగలూ రాత్రీ కొట్టి, ఆ మర్నాడు పొద్దున తెరిపిచ్చింది. గొట్టాలు ఒక్కటీ ఒరగలేదు. వల ఎత్తితే, చివరి మడిలో నాలుగు ట్రేలు తప్ప నారంతా నిటారుగా ఉంది. నా కళ్ళు చెమర్చాయి.

మధ్యాహ్నానికి కారంపూడి నుంచి ఒక పెద్దాయన బురదకాళ్ళతో వచ్చి, ఒక మొక్క పీకి తెల్లటి వేళ్ళు చూశాడు. "తల్లీ, మా ఊళ్ళో కరెంటు స్తంభాలు పడ్డయ్యి. నీ నారు పడలా!"

మా ఆయన ముందుకొచ్చి, "తుఫానొస్తే ముందు వల దించాల పెద్దాయనా. బిగించేవోడికి బుద్ధి లేనట్టే," అన్నాడు.

గొట్టాలెలా ఉన్నాయో చూడటానికొచ్చిన సాయిబు అన్న నా వైపు చూశాడు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మనసులో స్వామికి ఇంకో దండం పెట్టి, మొదటి ట్రే పెద్దాయన చేతికి అందించాను.