నాలుగు మీటర్ల లోతు కాఫీ

పరిశోధనశాలలో అతన్ని అందరూ బురద బావ అంటారు. చిత్తడి అడవిలో మోకాలి లోతున దిగి, పొడవాటి ఉక్కు గొట్టం గుచ్చి, నల్లటి మట్టిని పైకి లాగడం అతని ఉద్యోగం. అది మామూలు మట్టి కాదు. రాలిన ఆకులూ వేళ్లూ నీళ్లలో మునిగి, గాలి తగలక సగమే కుళ్లి, వేల ఏళ్లుగా పేరుకుపోయిన ముద్ద. దాన్ని ఎండబెట్టి, పొడిచేసి, కొలిమిలో మాడిస్తే, తగ్గిన బరువును బట్టి కార్బన్ ఎంత దాగి ఉందో తేలుతుంది. ఇంట్లో ఆ కబుర్లు మొదలెడితే చాలు, భార్య కుట్టుమిషన్ ఇంకాస్త జోరుగా తొక్కేది.

ఒకసారి ల్యాబులో మట్టిని పొడిచేసే యంత్రం మూలపడింది. లెక్కలేవీ అంటూ డైరెక్టరుగారు ప్రాణం తోడేస్తున్నారు. బావ ఎండిన మట్టిని గుట్టుగా ఇంటికి తెచ్చి, భార్య బజారుకెళ్లిన అదను చూసి, మిక్సీలో వేసి బుర్రుమనిపించాడు. తేమ తగలని డబ్బా కోసం వెతికితే ఖాళీ కాఫీ డబ్బా కనిపించింది. అందులో పోసి, అలమరలో పెట్టి, స్నానానికి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే, ఆలస్యమెందుకో నిలదీయడానికి డైరెక్టరుగారు ఇంటికే వచ్చేశారు. ఇంట్లో ఉన్నది బావ అత్తగారొక్కతే. ఆవిడకి చూపు తక్కువ, మర్యాద ఎక్కువ. కూర్చోబెట్టి కాఫీ కలిపిచ్చింది.

బావ తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన సగం కప్పు ఖాళీ చేసి పెదాలు చప్పరిస్తున్నారు.

"కొంచెం పులుపు తగులుతోంది గానీ, ఏదో అడవి వాసన! ఏ తోటదమ్మా ఈ పొడి?"

"మా అల్లుడుగారే తెచ్చారు బాబూ," అంది అత్తగారు మురిసిపోతూ.

బావ కప్పు వైపు చెయ్యి చాపాడు. "సార్... అది నాలుగు మీటర్ల లోతుదండీ."

"ఏది?"

"కాఫీ."

డైరెక్టరుగారు కప్పులోకి చూశారు. బావని చూశారు. మళ్లీ కప్పులోకి చూశారు. "అంటే, వేల ఏళ్ల కిందటి ఆకులా?"

"పాలు మాత్రం ఇవాళ్టివే బాబూ," అని భరోసా ఇచ్చింది అత్తగారు.

ఆయనకేమీ కాలేదు. సాయంత్రం దాకా కడుపు గుడగుడలాడి ఊరుకుంది. డబ్బాలో మిగిలిన మట్టి మాత్రం పనికిరాకుండా పోయింది. దాంట్లోంచి గుప్పుమని, మిక్సీలో అంతకుముందు పట్టిన మిరియాల వాసన.

"ఈసారి నేనూ వస్తాను. నా కళ్లముందే తియ్యి," అన్నారు డైరెక్టరుగారు.

అడవిలో నాలుగడుగులు వేశారో లేదో, ఎడమకాలు తొడదాకా దిగబడింది. బావ చంకల కింద చేతులేసి ఒక్క గుంజు గుంజాడు. మనిషి వచ్చాడు, బూటు రాలేదు.

"వదిలెయ్యండి సార్. లోపల గాలాడదు, నీళ్లు పులుపు. ఎన్నేళ్లయినా చెక్కుచెదరదు."

"ముందుముందు ఎప్పుడో తవ్వేవాళ్లు ఏమనుకుంటారోయ్?"

"ఒంటికాలి మనిషెవరో ఇక్కడ కాపరం చేశాడనుకుంటారండీ."

డైరెక్టరుగారు పగలబడి నవ్వారు. ఆ ఊపులో కుడికాలు కూడా దిగబడిపోయింది.